భూమిసుతునకు ప్రదక్షిణము

శ్రియఃపతియైన శ్రీమన్నారాయణునకు రెండు విభూతులు కలవని మన పూర్వాచార్యులు ఉపదేశించిరి. నిత్యవిభూతి యగు శ్రీవైకుంఠము మన మాంసనేత్రములకు గోచరించునది కాదు. లీలావిభూతి యగు ఈ ప్రకృతిమండలము మాత్రము మన యెదుట పరచబడి యున్నది. సూర్యచంద్రాది గ్రహములు, నక్షత్రములు, గిరులు, సాగరములు అన్నియు దానిలోనివే. దానిని తెలిసికొనుటకు మానవుడు చేయు ప్రయత్నము వినయముతో కూడినదైనచో భగవద్వైభవచింతనమే యగును.

ఈ కాలమున అంగారక గ్రహము చుట్టును యంత్రనౌకలు పరిభ్రమించి పంపిన చిత్రములను మన యిండ్లలో పిల్లలు మొదలు వృద్ధుల వరకు అందరును చూచుచున్నారు. చూచిన పడుచువారు, "ఇచట రాళ్లును దుమ్మును తప్ప దేవత యెక్కడ?" అని ప్రశ్నించుచున్నారు. అదే యింటిలో తల్లిదండ్రులు, "అమ్మాయి జాతకమున కుజదోషమున్నదట, సంబంధము కుదురుట లేదు" అని కన్నీరు పెట్టుకొనుచున్నారు. ఒకే గ్రహము, ఒకే గృహము. ఒకరికి అవిశ్వాసము, మరియొకరికి భయము. ఈ రెండును భక్తికి శత్రువులే. కావున ఆ చిత్రములలో ఏమున్నదో, శాస్త్రములలో ఏమున్నదో కలిపి విచారింతము.

శాస్త్రములలో అంగారకుడు

'కు' యనగా భూమి. భూమినుండి జనించినవాడు కనుక కుజుడు, భౌముడు. నిప్పుకణికవలె ఎఱ్ఱగా ప్రకాశించుటచే అంగారకుడు, లోహితాంగుడు. శుభమును కోరి పిలుచునప్పుడు మంగళుడు. ఇతని జన్మమును పురాణములు రెండు విధములుగా చెప్పినవి. పరమశివుని స్వేదబిందువు భూమిపై పడగా జనించెనని కొన్నిట కలదు. వరాహమూర్తికిని భూదేవికిని కుమారుడని బ్రహ్మవైవర్తపురాణమున కలదు. జననకథ వేరైనను తల్లి మాత్రము భూదేవియే. పరాశర మహర్షి పేరిట వెలసిన హోరాశాస్త్రము గ్రహములకును భగవదవతారములకును సంబంధము చెప్పుచు, కుజునకు శ్రీనృసింహావతారమును చెప్పినది. ఈ మాటను మనస్సున నుంచుకొనవలెను, తరువాత పనికివచ్చును.

మన పెద్దలు ఈ గ్రహమును కేవలము స్తుతించి ఊరకుండలేదు, గణించిరి. శ్రీమద్భాగవతము పంచమస్కంధమున అంగారకుడు వక్రించని కాలమున ఒక్కొక్క రాశిని మూడేసి పక్షములలో దాటునని చెప్పబడినది. మూడు పక్షములనగా సుమారు 45 దినములు. సూర్యసిద్ధాంతము ఒక మహాయుగమున కుజునకు 22,96,832 భగణములును, భూమికి 157,79,17,828 సావనదినములును చెప్పినది. ఈ రెండవ సంఖ్యను మొదటిదానిచే భాగించినచో ఒక పరిభ్రమణమునకు ఇంచుమించు 687 దినములు వచ్చును. ఆధునికులు దూరదర్శినులతోను, వ్యోమనౌకలతోను కనుగొన్న కాలమును 687 దినములే. పండ్రెండు రాశులకు పంచినచో రాశికి 57 దినములు పడును గదా, భాగవతమున 45 దినములని యేల యున్నదని సందేహము కలుగవచ్చును. వక్రకాలమున ఒకే రాశియందు నెలల తరబడి నిలుచుటచే ఆ అధికదినములు చేరుచున్నవి. భూమి లోపలి మార్గమున వేగముగా నడచుచు కుజుని దాటిపోవునప్పుడు, అతడు వెనుకకు నడచినట్లు మనకు తోచును. కదలు బండిలోనివానికి ప్రక్కబండి వెనుకకు పోయినట్లు తోచుట వంటిదే యిది.

ధూళి తెర తొలగిన వేళ

1965లో అమెరికా దేశమువారి మారినర్–4 అను నౌక అంగారకుని ప్రక్కనుండి సాగిపోవుచు ఇరువదికి పైగా చిత్రములను తీసినది. వానిలో గుంటలు తప్ప మరేమియు కనబడకుండుటచే అది చంద్రునివలె మృతలోకమని పలువురు తలచిరి. దారిన పోవుచు గోపురమును చూచి గుడిని వర్ణించినట్లుండెను ఆ తీర్పు. 1971 మే 30వ తేదీన బయలుదేరిన మారినర్–9 నవంబరు 14న ఆ గ్రహము చుట్టును కక్ష్యలో ప్రవేశించెను. భూమికాక వేరొక గ్రహమును చుట్టివచ్చిన మొదటి నౌక అదియే.

అది చేరునప్పటికి అంగారకుడంతయు ధూళితుఫానుచే కప్పబడి యుండెను. దక్షిణధ్రువమునందలి తెల్లని మంచును, నాలుగు నల్లని మచ్చలును తప్ప మరేమియు కానరాలేదు. కొలది దినములకు సోవియట్ దేశమువారి మార్స్–2, మార్స్–3 నౌకలు అచటికి చేరినవి. వాని యంత్రములకు ఎప్పుడేమి చేయవలెనో ముందుగానే నిర్ణయింపబడి యుండుటచే, మార్చుటకు వీలులేక, అవి చాలవరకు ధూళినే చిత్రించినవి. మారినర్–9కు మాత్రము భూమినుండి క్రొత్త ఆజ్ఞలు పంపుటకు వీలుండెను. "తొందరపడకుము, వేచియుండుము" అని దానికి ఆజ్ఞ యయ్యెను. అది ప్రదక్షిణము చేయుచునే వారముల తరబడి వేచియుండెను.

ధూళి క్రమముగా అణగెను. అప్పుడు తెలిసినది: ఆ నాలుగు మచ్చలును ధూళిపైకి తలలెత్తిన మహాగ్నిపర్వతముల శిఖరములు! వానిలో పెద్దదియగు ఒలింపస్ పర్వతము సుమారు 22 కిలోమీటర్ల ఎత్తు. మన ఎవరెస్టు శిఖరమునకు రెండున్నర రెట్లు. దాని పాదము సుమారు 600 కిలోమీటర్ల వెడల్పు. హైదరాబాదు నుండి విశాఖపట్టణమునకు రోడ్డుమార్గమున పోవునంత దూరము. 4,000 కిలోమీటర్లకు మించిన పొడవును, కొన్నిచోట్ల 7 కిలోమీటర్ల లోతును గల మహాగర్తము కానవచ్చెను. కాశ్మీరము నుండి కన్యాకుమారి వరకు పరచినను ఇంకను మిగులును. అన్నిటికంటె ఆశ్చర్యకరము: ఒకప్పుడు నీరు ప్రవహించి యెండిపోయిన నదీమార్గములు కానవచ్చినవి. 1972 అక్టోబరు వరకు ఆ నౌక 7,329 చిత్రములను పంపి, ఆ గ్రహమును గూర్చి మానవుడు తలచినదానినంతయు మార్చివేసినది.

ఇది వినినప్పుడు శ్రీవైష్ణవునకు సింహాచలక్షేత్రము స్మరణకు వచ్చుట సహజము. అచట వరాహ నృసింహస్వామి సంవత్సరమంతయు చందనముచే ఆవృతుడై యుండును. వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూపదర్శనము. మిగిలిన దినములలో వెళ్లిన భక్తుడు, "స్వామి కనబడలేదు" అని తిరిగివచ్చునా? చందనము వెనుక స్వామి యున్నాడను నిశ్చయముతో ప్రదక్షిణము చేయును. ఆ దినము కొరకు వేచియుండును. ధూళి వేరు, చందనము వేరు. వానికి పోలిక లేదు. కాని వేచియుండుట యను గుణము రెండుచోట్లను ఒక్కటియే. తెర తొలగువరకు నిలిచినవానికే దర్శనము. ముందే నిర్ణయించుకొని వచ్చి, కనబడినదే సత్యమని తిరిగిపోవువానికి దక్కునది ధూళియే.

దూరదృష్టి దోషములు

1877లో స్కియాపరెల్లి యను ఇటలీ దేశపు జ్యోతిర్విదుడు అంగారకునిపై గీతలవంటి వానిని చూచి తన భాషలో 'కెనాలీ' యని వ్రాసెను. ఆ మాటకు సహజమైన కాలువలనియు అర్థము కలదు. ఇంగ్లీషులో అది త్రవ్విన కాలువలుగా మారెను. పెర్సివల్ లోవెల్ అను అమెరికా పండితుడు ఒక వేధశాలనే నిర్మించి, అచట బుద్ధిమంతులైన జీవులు సేద్యమునకు కాలువలు త్రవ్వుకొనిరని గ్రంథములు వ్రాసెను. నౌకలు దగ్గరగా చూచినప్పుడు ఆ కాలువలు ఒక్కటియు లేవు. 1976 జూలైలో వైకింగ్–1 కక్ష్యానౌక తీసిన యొక చిత్రమున ఒక కొండ మానవముఖమువలె కనబడినది. లోకమంతయు దానిని గూర్చి కథలల్లుకొన్నది. 1998లోను, 2001లోను వేరొక నౌక స్పష్టముగా చిత్రించినప్పుడు అది గాలికి అరిగిన మామూలు గుట్ట యని తేలినది.

భ్రమను గూర్చి మన విశిష్టాద్వైత సిద్ధాంతము చెప్పునది ఇచట గమనింపదగినది. ముత్యపుచిప్పను వెండియని భ్రమించినవాడు బొత్తిగా లేనిదానిని చూడలేదు. చిప్పయందు వెండిని పోలిన అంశము కొంత కలదు. దానిని గ్రహించి, అధికమైన చిప్ప అంశమును గ్రహింపకపోవుటయే భ్రమ. ఆ గుట్టయు సత్యమే, నీడలును సత్యమే. చూడవలసిన మిగిలినదానిని చూడకుండుట వలననే ముఖము పుట్టినది. కావున భ్రమకు ఔషధము కన్నులు మూసికొనుట కాదు, మరికొంత దగ్గరకు పోయి పూర్ణముగా చూచుట. గ్రహములను గూర్చిన మన భయములకును ఇదియే ఔషధము.

తల్లి విలువ

అంగారకునికిని భూమికిని పోలికలు పెక్కు. అచటి భ్రమణకాలము 24 గంటల 37 నిమిషములు. అక్షము సుమారు 25 డిగ్రీలు వంగి యుండుటచే అచటను ఋతువులు కలవు. వ్యాసము మాత్రము భూమిలో సగము కంటె కొంచెమెక్కువ. అచటి మట్టిలోని ఇనుము త్రుప్పుపట్టుటయే ఆ ఎఱ్ఱదనమునకు కారణము. కాని గాలిలో నూటికి 95 పాళ్లు బొగ్గుపులుసు వాయువు. వాయుపీడనము మన భూమిపై నున్నదానిలో నూరవవంతు కంటెను తక్కువ. శీతకాలమున ధ్రువములవద్ద ఆ గాలియే గడ్డకట్టి నేలపై పడును; వేసవిలో మరల ఆవిరియై లేచును. 2001లో చేరిన ఒడిస్సీ యను నౌక నేలక్రింద మంచుగడ్డలు దాగియున్న సూచనలను కనుగొన్నది. 2014లో చేరిన మేవెన్ అను నౌక, సూర్యునినుండి వీచు విద్యుత్కణముల ప్రవాహము అచటి గాలిని కొంచెము కొంచెముగా శూన్యములోనికి ఊడ్చివేయుచున్నదని కొలిచి చూపినది. భూమికి గ్రహమంతటిని ఆవరించిన అయస్కాంతక్షేత్రము కవచముగా నున్నది. అంగారకునకు అట్టి కవచము ఎన్నడో నశించినది. గాలి పలుచనైనది, నదులు ఎండినవి.

కుమారుని స్థితిని చూచినప్పుడు తల్లి విలువ తెలియుచున్నది. మనము పీల్చు గాలి, త్రాగు నీరు అయాచితముగా లభించుటచే వాని విలువ మరచితిమి. ఉదయమున శయ్యనుండి లేచి నేలపై పాదము మోపుటకు ముందు, విష్ణుపత్నియైన భూదేవిని క్షమింపుమని వేడుకొనుట మన ఆచారము. తిరుమలయందు శ్రీనివాసుని సేవించుటకు ముందు పుష్కరిణీతీరమున భూమిని ఉద్ధరించిన వరాహస్వామిని సేవించుట సంప్రదాయము. అంగారకుని చిత్రములు ఈ రెండు ఆచారములకును వ్యాఖ్యానములు. పిల్లలకు ఆ చిత్రములను చూపునప్పుడు ఈ మాటయు చెప్పవలెను.

మంగళవారమున బయలుదేరిన మంగళయానము

మన భారతీయులు పంపిన నౌక శ్రీహరికోటనుండి బయలుదేరినది. ఆ స్థలము నేడు తిరుపతి జిల్లాలోనిది. ప్రయోగములకు ముందు అంతరిక్షశాఖ పెద్దలు రాకెట్టు నమూనాను తెచ్చి శ్రీవారి సన్నిధిని సేవించి పోవుట తిరుమల యాత్రికులకు తెలిసినదే. ఆ నౌక 2013 నవంబరు 5వ తేదీ మధ్యాహ్నము 2 గంటల 38 నిమిషములకు ఆకాశమునకెగసెను. అది విజయనామ సంవత్సర కార్తిక శుద్ధ విదియ, మంగళవారము. డిసెంబరు 1న భూమి ఆకర్షణను వీడి, సుమారు 300 దినములు ప్రయాణము చేసినది. అన్ని దినములు నిద్రించిన ప్రధాన యంత్రము మరల మేల్కొనునా యని భయపడి, రెండు దినములు ముందుగా నాలుగు సెకండ్లపాటు వెలిగించి పరీక్షించిరి. 2014 సెప్టెంబరు 24వ తేదీ ఉదయమున ఆ యంత్రము 23 నిమిషములకు పైగా మండి, నౌకను అంగారకుని కక్ష్యలో నిలిపెను. అది జయనామ సంవత్సర భాద్రపద అమావాస్య. వార్త భూమికి చేరుటకే 12 నిమిషములకు పైగా పట్టెను. మొదటి ప్రయత్నముననే ఇట్లు సఫలులైనవారు అంతకుముందు ఏ దేశమునను లేరు.

వ్యయము 450 కోట్ల రూపాయలు. మోసుకొనిపోయిన పరిశోధనపరికరములు అయిదు; అన్నియు కలిపి 15 కిలోగ్రాములు. కక్ష్య మిక్కిలి దీర్ఘమైనది: దగ్గర చేరినప్పుడు సుమారు 420 కిలోమీటర్లు, దూరముపోయినప్పుడు సుమారు 77,000 కిలోమీటర్లు. అందుచే ఆ గ్రహబింబమునంతటిని ఒకే చిత్రమున చూపగలిగినది. ఆరుమాసములకని పంపిన నౌక 2022 వరకు నిలిచినది.

మంగళవారమున ఏ పనియు మొదలుపెట్టరాదనియు, అమావాస్యనాడు ఏ శుభమును జరుగదనియు పట్టుబట్టువారు ఈ తిథివారములను ఒకసారి ఆలోచింపవలెను. ఇది ముహూర్తశాస్త్రమును తృణీకరించుట కాదు. వివాహము, ఉపనయనము మున్నగు సంస్కారములకు శాస్త్రము కాలమును విధించినది, దానిని పాటింపవలసినదే. కాని కార్యమునుబట్టి కాలము. భూమికుజుల స్థితి ఇట్టి ప్రయాణమునకు అనుకూలించుట 26 మాసములకు ఒక్కమారు. ఈ నౌకకు ముహూర్తమును పెట్టినవారు ఆ తల్లీకుమారులే. భగవంతుడు నియమించిన గతిని తెలిసికొని నడచుకొనుటయే నిజమైన కాలజ్ఞానము.

దేవత యెక్కడ?

ఇక పడుచువారి ప్రశ్నకు వత్తము. వైద్యుడు ఎక్స్‌రే తీసి చూపినప్పుడు ఎముకలు కనబడును, ఆత్మ కనబడదు. అందుచే ఈ మనుష్యునకు ఆత్మ లేదని ఏ వైద్యుడైనను చెప్పునా? చూచు సాధనము దేనిని చూడగలదో దానినే చూపును. ఛాయాయంత్రము అచిత్తును చూపును. చిత్తును, ఈశ్వరుని చూపుట దాని పని కాదు. బృహదారణ్యకోపనిషత్తున అంతర్యామి బ్రాహ్మణము, భూమియందును, సూర్యునియందును, చంద్రతారకలయందును లోపల నుండి నియమించు పరమాత్మకు అవియన్నియు శరీరమని బోధించినది. భగవద్రామానుజులు ఈ శరీరాత్మభావమునే సిద్ధాంతమునకు ప్రాణముగా గ్రహించిరి. కుజగోళము జడము, దానికి అభిమానిదేవత చేతనుడు, ఆ ఇద్దరికిని అంతరాత్మ నారాయణుడు. రాళ్లు కనబడినవన్న మాత్రమున మొదటిది తెలిసినదే కాని, మిగిలిన రెండును ఖండింపబడలేదు.

గండకీనదిలోని సాలగ్రామమును భూగర్భశాస్త్రజ్ఞుడు చూచి, పూర్వకాలపు జలచరము రాయిగా మారినదని చెప్పును. అది సత్యమే. శ్రీవైష్ణవుడు తిరుమంజనము చేసి తులసి సమర్పించును. అదియు సత్యమే. మొదటివాడు దాని పుట్టుకను చెప్పినాడు. రెండవవాడు దానియందున్న స్వామిని సేవించినాడు. ఒకరి మాట మరియొకరికి అడ్డు కాదు.

కుజదోషము, శరణాగతి

ఇక తల్లిదండ్రుల కన్నీరు. లగ్నమునుండి 2, 4, 7, 8, 12 స్థానములలో కుజుడున్నచో దోషమని మన ప్రాంతపు వ్యవహారము. పండ్రెండు స్థానములలో అయిదు! అనగా నూటికి నలువదిమందికి పైగా ఈ లెక్కలో పడుదురు. చంద్రునినుండియు, శుక్రునినుండియు కూడ లెక్కించినచో, సుమారుగా నూటికి ఎనుబదిమంది పడుదురు. లోకములో ఎనుబదిమందికి వైవాహికజీవితము చెడుచున్నదా? కావుననే జ్యోతిషగ్రంథములు స్వక్షేత్రమున నున్నను, ఉచ్చయందున్నను, గురుదృష్టి యున్నను దోషము లేదని పెక్కు మినహాయింపులు చెప్పినవి. శాస్త్రము భయపెట్టుటకు పుట్టలేదు. సగము చదివినవాని చేతిలోనే అది భయంకరమగును. కొండను ముఖముగా చూచినవానివలె.

మరియు గ్రహము కర్మఫలమును సూచించునదే కాని కల్పించునది కాదు. భాగవతము సైతము అంగారకుని అశుభసూచకుడనియే చెప్పినది. జాబు తెచ్చినవాడు జాబు వ్రాసినవాడు కాడు. ఫలప్రదాత సర్వేశ్వరుడు ఒక్కడే. ఆ స్వామి పాదములను ఆశ్రయించినవానికి దూతను చూచి వణకుట తగునా? విభీషణుడు శరణని వచ్చినప్పుడు శ్రీరాముడు అతని గ్రహస్థితిని విచారింపలేదు. ఒక్కసారి నీవాడనని వచ్చినవానికి సర్వభూతములనుండి అభయమిచ్చుట తన వ్రతమని పలికెను. సర్వభూతములలో గ్రహములు చేరవా?

జాతకమును చూపించుకొనవలదని ఈ మాటలకు అర్థము కాదు. చూపించుకొనవచ్చును. కాని గుణము, శీలము, ఆరోగ్యము, భగవద్భక్తి చూడక, కుజుని స్థానమొక్కటియే చూచి సంబంధమును త్రోసివేయుట అవివేకము. దోషమున్నదని చెప్పి కట్నము హెచ్చించి అడుగుట పాపము. అప్పులు చేసి భయముతో శాంతులు చేయించుట శరణాగతునకు తగదు. మనస్సునకు ఊరట కావలెనన్నచో, కుజునకు మూలమని శాస్త్రము చెప్పిన శ్రీలక్ష్మీనృసింహుని అహోబిలమునందో, యాదగిరిగుట్టయందో, సింహాచలమునందో, ఊరిలోని కోవెలయందో సేవింపుడు. ఇంటియందు సహస్రనామము పారాయణము చేయుడు. ముఖ్యముగా, పెండ్లి కావలసిన ఆడపిల్ల వినుచుండగా ఆమెను 'దోషజాతకురాలు' అని యనకుడు. ఆ మాట ఆమె మనస్సున చేయు గాయము ఏ గ్రహమును చేయజాలదు. ఆమె భూదేవి అంశ. సీతాదేవికి, గోదాదేవికి చెల్లెలు.

యంత్రనౌకలు కుజునకు ప్రదక్షిణము చేసి, అతడు భయంకరుడు కాడు, భూమితోడి మట్టియే, భూమితోడి మంచే యని చూపినవి. శాస్త్రము అతనికి సైతము అంతర్యామి శ్రీమన్నారాయణుడే యని చూపినది. చూచినదానిని పూర్ణముగా చూచి, చూడరానిదానిని ఆచార్యవాక్యముచే తెలిసికొని, భయమును విడిచి, అలమేలుమంగాసమేతుడైన శ్రీనివాసుని చరణములయందు భారముంచి మన గృహములన్నియు మంగళకరములగు గాక!